ఊరికే: అమ్మతో బెజవాడలో మూడు రోజులు

మా ఎమ్మే పిల్లలు నలుగురు పోయిన వారం ఒక మెసేజ్ పెట్టారు. "మేడం, సెలవుల్లో మూడు రోజులు బెజవాడ వెళ్తున్నాం. హడావుడి లేకుండా తిరగాలి. మంచి తిండి, ఏదన్నా సంగీతం, పాత పేటలు. ఎట్లా ప్లాన్ చేసుకోవాలో చెప్పండి" అని. నాలుగు లైన్లలో జవాబు ఇచ్చేద్దామని మొదలుపెట్టాను. చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి.

మాది పామర్రు దగ్గర పల్లె. బందరు రోడ్డెక్కి బస్సులో కూర్చుంటే గంటన్నరలో బెజవాడ. అమ్మకి అరవై దాటాయి. ఈ అరవై ఏళ్లలో బెజవాడ ఎన్నిసార్లు వెళ్లావమ్మా అని ఒకసారి అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. 1985లో కారంచేడు జరిగాక చీరాల సభకి లారీలో వెళ్తూ బెజవాడ దాటింది, లారీ ఆగలేదు. నాన్న కడుపు ఆపరేషన్‌కి పెద్దాసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉంది, వరండా దాటలేదు. బాబాయి కేసులో సాక్ష్యానికి రెండుసార్లు కోర్టుకి వచ్చింది. నన్ను హాస్టల్లో చేర్చడానికి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఒకసారి. అంతే. ప్రతిసారీ ఒక పని, ఒక భయం, తిరుగు బస్సు తొందర.

"ఊరికే ఎప్పుడన్నా వెళ్లావా?" అన్నాను.

"ఊరికే ఎవరు పోతారే?" అంది.

తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఊరికే అంటే కారణం లేకుండా, పని లేకుండా. విడదీసి చదివితే ఊరికి మాత్రమే అని కూడా వస్తుంది. మా వాడలో కుర్రాడు తెల్లచొక్కా వేసుకుని రోడ్డెక్కితే "ఎక్కడికిరా?" అని ఊరు అడుగుతుంది. "ఆసుపత్రికండీ" అంటే వదులుతుంది. "ఎరువుల బస్తాకండీ" అంటే వదులుతుంది. "ఊరికేనండీ" అంటే మాత్రం వాడికి కొవ్వెక్కినట్టు లెక్క. ఊరికే తిరగడం ఊరికే ఉంది, వాడకి లేదు. కూలి రేటు గురించి, నీళ్ల గురించి, భూమి గురించి మన పెద్దలు కొట్లాడారు, రాశారు. తీరిక గురించి మనం అంత రాయలేదు. తీరిక కూడా పంచని ఆస్తే.

అందుకని 2025 జనవరిలో అమ్మతో మూడు రోజుల ప్లాన్ వేశాను. షరతు ఒక్కటే. ఆసుపత్రి వద్దు, ఆఫీసు వద్దు, సభ వద్దు. పనేమీ పెట్టుకోకూడదు. పిల్లలూ, మీరడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఆ మూడు రోజులే.

మొదట గది. ఫోన్లో వెతికితే ఒక ఇల్లు కనిపించింది, రోజువారీ అద్దెకి ఇస్తారట. ఇంటాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరేమిట్లు?" అని అడగలేదు. చదువుకున్నవాళ్లు అట్లా అడగరు. ఇంటిపేరు అడిగాడు. ఊరు అడిగాడు. ఊళ్లో ఎటువైపు అని అడిగాడు. చివరికి "మా వంటింట్లో నీసు వండనివ్వమండీ" అన్నాడు. "మేం వండుకోవడానికి రావట్లేదండీ, తిరగడానికి వస్తున్నాం" అన్నాను. "సాయంత్రం చెప్తానమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం ఇంకా రాలేదు. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. లాడ్జి కుర్రాడికి ఆధార్ చాలు. అక్కడ దిగితే కృష్ణలంకకీ, బ్యారేజీకీ, వన్‌టౌన్‌కీ నడిచిపోవచ్చు. నగరం నడిస్తేనే తెలుస్తుంది, ఇది రాసుకోండి.

మొదటి రోజు పొద్దున్నే బ్యారేజీ మీదికి వెళ్లాం. నది మీద మంచు ఇంకా పోలేదు. ఇక్కడ 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. 1832-33 డొక్కల కరువులో గుంటూరు సీమ జనం పిట్టల్లా రాలిపోయాక, ఇరవై ఏళ్లకి కంపెనీవాళ్లు మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు కనిపించే ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మూడూ ఇక్కడే పుట్టి నగరం మధ్యనుంచి పోతాయి. అమ్మ రైలింగు పట్టుకుని చాలాసేపు చూసింది. "మన కాలవ నీళ్లు ఇక్కడనించేనా వచ్చేది?" అంది. అరవై ఏళ్లు ఆ నీళ్లల్లో నడుం వంచి నాట్లు వేసిన మనిషి, ఆ నీళ్లు ఎక్కడ విడుస్తారో అప్పుడే చూసింది.

డెల్టా కథ తరగతిలో చెప్పేటప్పుడు నేనెప్పుడూ కాలువ దగ్గర మొదలుపెడతాను. కాలువ వస్తే వరి వచ్చింది. వరి మిగులు చేతిలో పడ్డవాళ్లకి భూమి పెరిగింది, చదువు వచ్చింది, ఆ డబ్బు బెజవాడ చేరి ప్రెస్సులైంది, బస్సులైంది, సినిమా హాళ్లయింది, సినిమాల పంపిణీ ఆఫీసులైంది. నీళ్లు పొలాలదాకా అందరికీ ఒకటే. గట్టు మీదికి వచ్చేసరికి వాటాలు వేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, రెండో రోజు రాత్రి మళ్లీ అవసరమవుతుంది.

టిఫినుకి గాంధీనగర్ వెళ్లాం. బెజవాడ వచ్చినవాళ్లంతా బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద వెన్నముద్ద గురించి చెబుతారు. ఆ వీధుల్లో ఏ హోటలుకి వెళ్లినా కారప్పొడి, నెయ్యి, అల్లప్పచ్చడి ధారాళంగా వేస్తారు. మేం దూరిన చోట అమ్మ ఇష్టంగా తింది. తినడం అయ్యాక ప్లేటు చేత్తో పట్టుకుని లేచి అటూ ఇటూ చూస్తోంది. ఏం కావాలమ్మా అంటే "పంపెక్కడే?" అంది. కడిగి పెట్టాలని. మా ఊళ్లో టీ బంకు దగ్గర మన గ్లాసులు వేరుగా, బయట గూట్లో బోర్లించి ఉండేవి. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించాలి. ఆ బంకు పోయి ఇరవై ఏళ్లు దాటింది. చేతికి ఇంకా తెలియలేదు. టేబుల్ తుడిచే పిల్లాడు వచ్చి "పెట్టెయ్యండి మామ్మగారూ" అని అందుకున్నాడు. అమ్మ అతని మొహంలోకి చూసి, "ఎవరి పిల్లోడో" అంది. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. పోయి కాఫీ తెచ్చాను.

అక్కణ్నుంచి స్వరాజ్య మైదానం. 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం ఉంది కదా, 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు. అమ్మ నిలబడి తలెత్తి చూసింది. మా వాడలో ఉన్నది మూడడుగుల సిమెంటు విగ్రహం, చూపుడువేలు రెండుసార్లు విరిగింది, రెండుసార్లు అతికించుకున్నాం. "ఈయన వేలు ఎవరూ ఇరగ్గొట్టలేరులే" అంది. కాసేపాగి "మరీ అంత ఎత్తులో ఉన్నాడు, దండెట్టా వేస్తారే?" అంది.

అక్కడ కూర్చుని అమ్మకి 1917 కథ చెప్పాను. ఆ ఏడాది నవంబరులో ఈ బెజవాడలోనే ఆంధ్రదేశ ప్రథమ పంచమ మహాసభ జరిగింది. గూడూరు రామచంద్రరావు పూనుకుని ఏర్పాటు చేశారు. హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చి అధ్యక్షత వహించారు. మనం ఐదోవాళ్లం కాదు, ఈ నేలకి మొదటివాళ్లం, పంచమ అనే పేరు వద్దు అన్నారాయన. సభ పేరే మారి ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1931 జనాభా లెక్కల్లో ఆది ఆంధ్ర అని పేరు రాయించుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆ సభ జరిగినప్పుడు మనవాళ్లు కొండెక్కుతారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని దళిత ఉద్యమ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

అమ్మ ఇంద్రకీలాద్రి వైపు చూసింది. "మనమొస్తున్నామని తల్లే తలుపేసుకుందా?" అని నవ్వింది. "ఆమె వేసుకోదులే. ఎవరో వేసుంటారు."

పాత పేటలు చూడాలన్నారు కదా. బెజవాడలో పేటలు చూడటమంటే నాకు ఇదే. ఏ తలుపు ఎప్పుడు మూశారు, ఏ సభ ఎక్కడ జరిగింది అని వెతుక్కుంటూ నడవడం. గాంధీగారు వచ్చిన 1921 కాంగ్రెస్ సభ, పింగళి వెంకయ్యగారి జెండా సంగతి బెజవాడలో ఎవరినడిగినా చెబుతారు. దానికి నాలుగేళ్ల ముందు మనవాళ్లు పేరు మార్చుకున్న సభ గురించి అడిగితే మొహాలు చూస్తారు. 1911లో పుట్టిన రామమోహన గ్రంథాలయం చూడండి. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో ఒక పూట గడపండి. 1995లో 'చిక్కనవుతున్న పాట' కవితా సంకలనం బెజవాడ నుంచే వచ్చింది. ఆ షాపుల్లో ఎప్పుడన్నా ఒక పాత ప్రతి దొరికితే వదలొద్దు. జనవరిలో వెళ్తే పుస్తక మహోత్సవం కూడా కలిసొస్తుంది.

మధ్యాహ్నం వన్‌టౌన్‌లోకి దిగాం. పంజా సెంటర్, ఇస్లాంపేట, తారాపేట. ఇరుకు సందులు, ఇత్తడి సామాన్ల మోత, రైలు కూత. బెజవాడ తిండి అని వీడియోలు తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కెమెరా ఉలవచారు దగ్గర ఆగుతుంది, కోడి పులావు దగ్గర ఆగుతుంది, పునుగుల బండి దగ్గర ఆగుతుంది. పెద్దకూర వండే చోటికి రాదు. వచ్చినా గొంతు తగ్గిస్తారు. మేం తిన్నచోట బోర్డు కూడా పెద్దగా లేదు. గోంగూర వేసిన పెద్దకూర, వేడన్నం. అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఉప్పు చాల్లేదు. కానీ గోంగూర మంచిది" అంది. కొసరు అడిగి వేయించుకుంది. హోటల్లో కూర్చుని, డబ్బులిచ్చి, గొంతు తగ్గించకుండా "ఇంకొంచెం పెద్దకూర వెయ్యి బాబూ" అని అమ్మ అడగడం నేను మొదటిసారి విన్నాను.

ఉలవచారు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఇప్పుడది మీగడ వేసి చిన్న గిన్నెలో తెస్తారు, కృష్ణా జిల్లా ఘనత అంటారు. మా అమ్మ చెప్పే కథ వేరు. మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. ఎద్దులకి ఉలవలు ఉడకబెట్టడం ఆయన పని. ఉలవలు ఎద్దులకి, ఉడికిన నీళ్లు పాలేరు కుండలోకి. ఆ నీళ్లు ఇంటికి తెచ్చి, చింతపండు పిసికి, పొయ్యి మీద రాత్రంతా మరగనిస్తే పొద్దునకి చారు. "ఎద్దులు తినగా మిగిలిందాంట్లో బలం ఉందని మనకి ముందే తెలుసు" అంటుంది అమ్మ. తిండి పెట్టుకుని ప్లాన్ వేసేటప్పుడు ప్రతి వంటకాన్నీ రెండు ప్రశ్నలడగండి. మొదట ఎవరు వండారు? దానికి పేరొచ్చాక ఎవరు అమ్ముతున్నారు?

రెండో రోజు సంగీతానికి పెట్టుకున్నాం. బెజవాడ సంగీతం ఊరే. ఘంటసాల పేరున్న ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది. 1948 డిసెంబర్ 1న ఇక్కడ ఆకాశవాణి మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడ పనిచేసినవారే. భక్తిరంజనితో కృష్ణా, గుంటూరు జిల్లాలు తెల్లవారేవి. మా వాడలో ఒకే రేడియో, పాస్టరుగారింట్లో. కలుపుకి పోయే ఆడవాళ్లు ఆ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి వినేవాళ్లు. మా ఇంటికి ఎంతో దూరం లేని కూచిపూడికి దేశదేశాల నుంచి పిల్లలొచ్చి నాట్యం నేర్చుకుంటారు. మా అమ్మ ఆ ఊరి చుట్టూ పొలాల్లో నాట్లు వేసింది గానీ నాట్యం చూడలేదు.

పొద్దున గుణదల కొండకి వెళ్లాం. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మేరీమాత ఉత్సవాలకి లక్షల జనం వస్తారు. మేం వెళ్లింది జనవరి, పల్చగా ఉంది. మాది వేరే సంఘమైనా అమ్మ పట్టించుకోలేదు. మెట్ల మీద కూర్చుని సన్నగా కీర్తన అందుకుంది. పక్కన కూర్చున్న ఒకామె గొంతు కలిపింది. ఆమె నూజివీడు వైపునుంచి వచ్చిందట. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు అడక్కుండానే మూడు కీర్తనలు పాడుకున్నారు.

అక్కడ నాకు సిగ్గేసింది. ఎందుకంటే నా పీహెచ్‌డీలో శ్రమగేయాల మీద ఒక అధ్యాయం ఉంది. అచ్చులో ఉన్న సంకలనాలన్నీ తిరగేశాను, పాఠభేదాలు రాశాను. మా ఇంట్లో నాట్ల పాటలు తెలిసిన మనిషి ఉందని అప్పుడు తట్టలేదు. తట్టలేదనడం అబద్ధం. తట్టింది, అది పరిశోధన కాదనుకున్నాను. పుస్తకంలో ఎక్కిన పాటకి ఉన్న విలువ మా అమ్మ నోట్లో ఉన్న పాటకి లేదని నాకు ఎవరు నేర్పారో మీకు తెలుసు.

సాయంత్రం కాలువ గట్టున కూర్చున్నప్పుడు ఫోన్ రికార్డర్ పెట్టి "నాట్ల పాట ఒకటి పాడమ్మా" అన్నాను. అమ్మ మొదలుపెట్టి, రెండు ముక్కలయ్యాక ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆపింది.

"రావట్లేదే. నడుం వంచకుండా ఎట్టా వచ్చిద్ది?"

తర్వాత తనే వివరించింది. వరసలో ముందున్న మనిషి ఒక చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. అందుకునే లోపల చెయ్యి నాలుగు మొక్కలు పెట్టాలి. పాట పొడుగు ఎంతుంటే మడి అంత. ఆసామి గట్టు మీద నిలబడి తొందరపెడితే పాటలోనే అతన్ని తిట్టేవాళ్లు, అతనికి తెలిసేది కాదు. "ముసలమ్మలు కావాలని సాగదీసేవాళ్లు, పిల్లతల్లులకి కాసింత ఊపిరి ఆడాలని" అంది. నా అధ్యాయంలో ఛందస్సు ఉంది, ఇది లేదు. పాట పని వేగాన్ని పెంచుతుందని రాశాను నేను. పాటతో పనిని ఆపేవాళ్లని ఆమె చెబుతోంది. పనికి పాట తోడన్నది గట్టు మీదవాడి మాట. అరగజం తీరికని పాటలో దాచుకున్నారు మన ఆడవాళ్లు. తీరిక మనకి కొత్త కాదు. మనం దాన్ని దొంగచాటుగా అనుభవించాం, అంతే.

చీకటిపడే వేళకి వాంబే కాలనీలో పిన్ని ఇంటికి వెళ్లాం. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ. ఈ పేర్లు మీరు 2024 సెప్టెంబరులో టీవీలో విన్నారు. బుడమేరు పొంగి రోజుల తరబడి మునిగిన పేటలు. బ్యారేజీ మీద రికార్డు వరద, 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతుంటే అందరి కళ్లూ కృష్ణ మీద ఉన్నాయి, ఏరు వెనకనుంచి వచ్చి ఇళ్లలో దూరింది. పిన్ని ఇంటి గోడ మీద నడుముకి పైన నీళ్ల గీత ఇంకా ఉంది. సున్నం వేయించుకోలేదు. "ఉండనీలే, గుర్తుంటది" అంది. వంకాయ, ఎండురొయ్యల కూర చేసింది. ఆ మూడు రోజుల్లో మేం తిన్న అన్నిటిలో మంచి కూర అదే. ఆ పేటలు ఏ టూరిస్టు మ్యాపులోనూ లేవు. నగరాన్ని ఊడ్చేవాళ్లు, కట్టేవాళ్లు, వండేవాళ్లు ఉండేది అక్కడే. బెజవాడ చూశాం అనాలంటే అక్కడ ఒక పూట భోంచెయ్యండి, పిలిచేవాళ్లుంటేనే. సెల్ఫీలకి మాత్రం వెళ్లొద్దు.

పిన్ని కొడుకు డప్పు కొడతాడు. చావులకి, పార్టీల ర్యాలీలకి, ఏప్రిల్ 14న బాబాసాహెబ్ జయంతికి. వాడి దగ్గర రెండు డప్పులుండేవి. ఒకటి వాళ్ల నాన్న చేసింది, వేపచెక్క బద్దకి మేకతోలు కట్టింది. రెండోది ఇప్పుడొస్తున్న ఫైబర్ డప్పు, నట్లు బిగించేది. వరదలో తోలు డప్పు నాని కుళ్లిపోయింది. ఫైబర్‌ది తుడిస్తే బాగైంది. "కాచే పని లేదక్కా దీన్ని, ఎప్పుడైనా కొట్టొచ్చు" అన్నాడు. కాసేపాగి "కాచేటప్పుడు చుట్టూ నలుగురూ చేరి కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు అదీ లేదు" అన్నాడు. ఎడం చేతిలో చిటికెన పుల్ల, కుడిచేతిలో సిర్ర పట్టుకుని ఇంటి ముందు ఒక దరువు వేశాడు. పక్కింటి చంటిపిల్ల లేచి గంతులేసింది. అమ్మ చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టాయి. చావు లేదు, ర్యాలీ లేదు, కిరాయి లేదు. ఊరికే కొట్టాడు.

రాత్రి సెకండ్ షోకి సినిమాకి వెళ్దామంది అమ్మ. తనే అడిగింది. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి.

బెజవాడకి సినిమాతో నూరేళ్ల బంధం. వన్‌టౌన్‌లో మారుతీ సినిమా హాలు కట్టింది 1921లో. తెలుగునేల మీద తొలి హాళ్లలో అదొకటి. తర్వాత గాంధీనగర్ నిండా హాళ్లే. మా అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నాన్నతో పామర్రు వెళ్లి నేల టికెట్టు మీద నాలుగైదు సినిమాలు చూసిందట. 1991 తర్వాత వెళ్లలేదు. అప్పటికి నేను ఒళ్లో పిల్లని. ఆ ఏడాది జూలైలో చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ఒక అగ్రకుల యువకుడికి తగిలింది. మాట మాట పెరిగింది, వెలి వేశారు, ఆగస్టు 6న ఎనిమిది మందిని వేటాడి చంపారు. శవాలని గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేశారు. మళ్లీ అదే కాలువ వ్యవస్థ, అదే డెల్టా. పొలాలు తడిపిన నీళ్లు, సినిమా హాళ్లు కట్టించిన నీళ్లు, మనవాళ్ల శవాలని మోసిన నీళ్లు. ఊరికే సినిమాకి వెళ్లిన పిల్లాడి కాలు తగిలితే ఎనిమిది ప్రాణాలు. మా వాడ పెద్దలు ఆ వారమే కుర్రాళ్లకి చెప్పారట, సినిమాలు బంద్ అని. నాన్న ఆ మాట చనిపోయేదాకా దాటలేదు.

హాల్లో ఏసీ, మెత్తటి కుర్చీలు. టికెట్ల మీద నంబర్లున్నాయి, పక్కన ఎవరో తెలీదు. సినిమా మొదలైన పది నిమిషాలకి అమ్మ వైపు చూశాను. రెండు కాళ్లూ పైకి లాక్కుని, చీర కుచ్చెళ్ల కింద దాచుకుని, ఒక మూలకి ఒదిగి కూర్చుంది. "కాళ్లు చాపుకో అమ్మా, బోలెడు చోటుంది" అన్నాను. "నాకిట్టా బాగుందే" అంది. ఇంటర్వెల్‌లో మళ్లీ చెప్పాను. "ముందు ఎవరో కూచున్నారు" అంది. సినిమా అయ్యేదాకా అట్లాగే ఉంది. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కి నా భుజం పట్టుకుని మెట్లు దిగింది. బయటికొచ్చాక ఆటో కోసం నిలబడి, "సినిమా బాగుంది. ఆ పిల్లోడు బాగా చేశాడు" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మూడు రోజుల ప్లాన్‌లో నేను ఎన్నో రాసుకున్నాను. గది, బస్సు, తిండి, పుస్తకాలు. ముప్పై మూడేళ్ల భయాన్ని ఏ పూటకి సర్దాలో రాసుకోలేదు.

మూడో రోజు కాగితం మీద బందరు ఉంది. నోబుల్ కాలేజీ, బందరు లడ్డు, సముద్రం. పొద్దున్నే అమ్మ లేచి, జడ వేసుకుంటూ, "చుండూరు ఇక్కడికెంత దూరం?" అంది.

"తెనాలి దాకా రైలు, అక్కణ్నుంచి ఆటో. కానీ అమ్మా, పని పెట్టుకోకూడదనుకున్నాం కదా."

"చూసి రావటం పనేందే?"

తెనాలి రైలెక్కాం. తెనాలి నాటకాలకి, సాహిత్యానికి పేరున్న ఊరు.  అక్కణ్నుంచి ఆటోలో చుండూరు. దారి పొడుగునా పచ్చటి పొలాలు, మధ్య మధ్య కాలువలు. దళితవాడలో చనిపోయినవాళ్లని పాతిపెట్టిన చోటుని రక్తక్షేత్రం అంటారు. కేసు విచారణకి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అమ్మకి తీర్పుల సంగతి చెబుతుంటే "తెలుసులే" అంది. బెజవాడలో కొన్న బంతిపూలు సమాధుల మీద పెట్టింది. ఒక్కో పేరూ నాతో చదివించుకుంది. తర్వాత అక్కడే చెట్టునీడన కూర్చుని, రెండు కాళ్లూ బారచాపుకుంది. నడిచి అలిసిపోయిందంతే. నేను దానికి అర్థం చెప్పను.

వాడలో ఒకామె మంచినీళ్లిచ్చి, "ఏ పార్టీ నుంచి వచ్చారమ్మా?" అని అడిగింది. సభలకి, సంస్మరణలకి వచ్చేవాళ్లే ఎక్కువ అక్కడికి. అమ్మ "ఏ పార్టీ కాదమ్మా, చూసిపోదామని వచ్చాం" అంది. ఆమె ఇంట్లోకి పిలిచి టీ పెట్టింది. ఇద్దరూ మినుముల ధర గురించి, మోకాళ్ల నొప్పుల గురించి గంట మాట్లాడుకున్నారు.

పిల్లలూ, ఇదీ మీరడిగిన ప్లాన్. ముక్కల్లో కావాలంటే ఇదిగో. మూడు రోజులకి మూడు పనులకన్నా ఎక్కువ రాసుకోకండి, ఒక రోజు ఖాళీగా ఉంచండి, ఎవరో ఒకరు దాన్ని నింపుతారు. తిండికి వెళ్లినచోట గొంతు తగ్గించకుండా మీకు కావలసింది అడగండి. కచేరీకి వెళ్లండి, డప్పు కాచేచోటికీ వెళ్లండి, రెండింటి మధ్య ఎంత దూరమో నడిచి కొలవండి. పేట పేరు వినగానే అక్కడ ఎవరుంటారు, ఎవరిని ఉండనివ్వలేదు అని అడగండి. వీలైతే మీ అమ్మనో నాయనమ్మనో వెంట తీసుకెళ్లండి. వాళ్లకి ఆ నగరంలో ఏయే పనులున్నాయో ముందు లెక్కపెట్టించండి. ఆ తర్వాత ఏ పనీ లేకుండా తీసుకెళ్లండి. సరదాగా తిరిగితే ఉద్యమానికి ద్రోహం చేసినట్టని కొందరు మీకు చెబుతారు. చుండూరు కుర్రాడు ఆ రోజు ఉద్యమానికి వెళ్లలేదు, సినిమాకి వెళ్లాడు. ఆ హక్కు ఖరీదు ఎంతో అక్కడ సమాధులు చెబుతాయి.

తిరిగి పామర్రులో బస్సు దిగేసరికి సాయంత్రమైంది. సెంటర్లో మా ఊరి పెద్దరైతు ఒకాయన ఎదురుపడ్డాడు, అమ్మ ఆయన పొలంలో ఇరవై ఏళ్లు పనిచేసింది. "ఏమే, మూడు రోజులనించి కనపళ్లా. బెజవాడంటగా. ఏం పని మీద పోయారు?" అన్నాడు.

అమ్మ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"పనేం లేదండీ. ఊరికే."

ఆయన ఇంకేదో అడుగుతాడేమోనని కాసేపు నిలబడింది. ఆయన అడగలేదు. నడుస్తూ నాతో అంది, "ఈసారి పిన్నిని కూడా తీసుకుని బందరు పోదాం. లడ్లు కొనక్కర్లా, కారప్పూస నేను చేసుకొస్తా."

జై భీమ్.